పేరు లేని కుట్టు

ఒక గ్రంథాన్ని గాని, ఒక మంత్రివర్గాన్ని గాని తీసిపారవేయదలచినప్పుడు మన తెలుగువారు సులువుగా వాడే మాట ఒకటున్నది: 'అతుకుల బొంత'. జోడీ కుదిరినదని వెక్కిరించదలచినవారు 'గంతకు తగ్గ బొంత' అంటారు. కాకులలో మోటుది బొంతకాకి, జెముడులలో మోటుది బొంతజెముడు. నిఘంటువులో ఈ మాట ఎక్కడ తగిలినా మోటుదనమో, పేదరికమో, పరిహాసమో కనిపిస్తుంది గాని గౌరవం కనిపించదు.

ఇదే పనికి ఉర్దూ పాఠకుల చేతిలో ఉన్న మాటను చూడండి. అరబ్బీ ధాతువు ఒకటే. దాని నుండి మాసికకు, అతుకుకు పేరు పుట్టినది. మనం చీటీని 'రుఖా' అనడం కూడా దానినుండి వచ్చినదే. మాసికలు వేసి కుట్టిన అంగీ 'మురఖ్ఖా'. ఫకీరులు ధరించిన వస్త్రం అది. పదకొండవ శతాబ్దంలో లాహోరులో స్థిరపడిన హుజ్వీరీ తన 'కష్ఫుల్ మహ్జూబ్' గ్రంథంలో ఈ మాసికల అంగీని గురించి ఒక ప్రకరణమే వ్రాసి, లోకుల మెప్పు కోసం దానిని తొడిగేవారిని ప్రత్యేకంగా హెచ్చరించినాడు. మొగలు దర్బారులో చిత్రాలను, అందమైన చేతివ్రాతలను ఏరి తెచ్చి, అంచులు అతికి కట్టిన సంపుటాన్ని కూడా 'మురఖ్ఖా' అనే అన్నారు. 1928లో అబ్దుర్రహ్మాన్ చుగ్తాయ్ గాలిబు కవిత్వానికి చిత్రాలు వేసి వెలువరించిన పుస్తకం పేరు 'మురఖ్ఖ-ఎ-చుగ్తాయ్'. అతికి కుట్టడమనే ఒకే పని ఒక భాషలో చక్రవర్తుల గ్రంథాలయం చేరినది, మరొక భాషలో తిట్టుగా మిగిలినది. కుడి నుండి ఉర్దూ, ఎడమ నుండి తెలుగు మొదలై నడుమ ఎక్కడో కలుసుకునే ఈ సంచికను మురఖ్ఖా అనవలెనో, బొంత అనవలెనో పాఠకుల ఇష్టానికి విడుస్తున్నాము.

ఇంత పీఠిక ఎందుకంటే, నేతకూ కుట్టుకూ సంబంధించిన ఉత్సవాలు ఇటీవల ఇంటింటా తెర మీదకు వచ్చినవి. వాటిని చూచిన తరువాత మాకు తోచిన ఒకే ఒక మాటను కళాశాల కార్యవర్గం వారి ముందు, విద్యార్థినీ విద్యార్థుల ముందు ఉంచదలచినాము.

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలులో స్వదేశీ ఉద్యమ ప్రకటన జరిగినది. ఆ తేదీ జ్ఞాపకార్థం 2015 నుండి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. మొదటి ఉత్సవం చెన్నైలో జరిగినది. ఆరవది, అనగా 2020 నాటిది, కరోనా కారణంగా అంతర్జాలం మీద జరిగినది. సభ తెర మీద, ఉపన్యాసాలు తెర మీద. చేనేత కట్టుకొని ఫోటో దిగి సామాజిక మాధ్యమాలలో పెట్టవలసినదిగా దేశప్రజలకు పిలుపు వచ్చినది. జనం ఉత్సాహంగానే స్పందించినారు. జబ్బు భయంతో ఇండ్లలో బందీలైన ఆ వర్షాకాలంలో అన్ని రంగుల బట్టలను ఒకచోట చూడడం కంటికి హాయిగానే ఉండెను. కాదనము.

అయితే ఆ పండుగకు సరిగ్గా పదకొండు దినాల ముందు, 2020 జూలై 27న, 1992 నుండి ఉన్న అఖిల భారత చేనేత మండలిని రద్దు చేసినారు. ఆగస్టు 3న హస్తకళల మండలి కూడా అదే దారి పట్టినది. ఆ మండళ్ళు గొప్పగా పనిచేసినవా, లేదా అన్నది వేరే వాదం. నేతవారి ప్రతినిధి అధికారులతో ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు ఒకటుండెను, అది పోయినది. కుర్చీ తీసివేసి చిత్రపటం తగిలించినట్లయినది. తెర మీది పండుగలో బట్ట ఉన్నది, బట్ట కట్టిన మనిషి ఉన్నది, ధర ఉన్నది. నేసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఆనలేదు.

నేతకైనా లెక్క ఉన్నది. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో 35.22 లక్షల మంది నేతవారు, అనుబంధ పనివారు తేలినారు. వారిలో నూటికి డెబ్బదిమంది కంటె ఎక్కువ స్త్రీలే. మగ్గానికి నంబరుంటుంది, గుర్తింపు కార్డుంటుంది, బట్టకు చేనేత ముద్ర ఉంటుంది. బొంత కుట్టే స్త్రీకి మగ్గం లేదు గనుక నంబరు లేదు. ఆమె పని అమ్మకానికి రాదు గనుక ముద్ర లేదు. ఆమె ఏ గణనలోనూ రాలేదు, రాబోదు. దేశంలో ఎన్ని బొంతలున్నవో ఎవరూ లెక్కించలేదు. తెలుగు ఇండ్లలో అటకమీద ఒక్కటైనా లేని ఇల్లు మేము పెరిగిన వీధిలో లేదు.

మా విద్యార్థులలో చాలామంది బొంత మీద పడుకొని పెరిగినవారే అయినా, అది ఎట్లా తయారవుతుందో చెప్పమంటే తెల్లముఖం వేస్తారు. కనుక కొంచెం వివరిస్తాము. బొంతకు కావలసినది పాతబట్ట, కొత్తబట్ట పనికిరాదు. ఏళ్ళతరబడి ఉతికి ఉతికి గంజి, గరుకుదనం విడిచిన నూలు చీరలు మూడో నాలుగో తీసుకుంటారు. చినిగిన భాగాలు లోపలికి పోవునట్లు, అంచు గట్టిగా ఉన్న చీర పైకి వచ్చునట్లు పొరలు పరుస్తారు. నేల మీద పరచి, ముడుత లేకుండా చేతితో సాపు చేసి, నాలుగు మూలలా ఏ రోలో, ఇటుకరాయో బరువు పెడతారు. మొదట పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలు జరగకుండా నిలుపుతారు. ఆ తరువాత అసలు కుట్టు. అంచు నుండి మొదలుపెట్టి చుట్టూ వరుస వెనుక వరుసగా లోపలికి పోతూ ఉంటారు. కుట్టు పొడుగైతే కాలివేలు తగిలి దారం తెగుతుంది. మరీ చిన్నదైతే బొంత బిరుసెక్కి అట్టవలె అవుతుంది. ఈ రెంటికీ నడుమ కొలత ఎంత అంటే ఏ ముసలమ్మా అంగుళాలలో చెప్పదు, వేలు చూపిస్తుంది. కొందరు పాతచీర అంచులోని దారాన్నే లాగి ఆ చీరకే కుడతారు. పొలంపనులు లేని వేసవి మధ్యాహ్నాలు దీనికి కాలం. ఒక బొంతకు నాలుగు పక్కల నలుగురు కూర్చుంటారు. వీధిలోని ముచ్చట్లన్నీ అక్కడికి వస్తవి. ఎవరి కోడలు గర్భవతి అయినదో ముందుగా తెలిసేది అక్కడనే, ఎందుకంటే ఆ క్షణం నుండి మెత్తని చీర ఒకటి పక్కకు తీసిపెడతారు. పుట్టబోయే బిడ్డకు చిన్నబొంత దానితోనే.

ఒక సంగతి గమనించండి. ఆ పొరలలో ఉన్నది ఎవరి చీరలు? అత్తగారిది ఒకటి, చనిపోయిన నాయనమ్మది ఒకటి, పెండ్లయి వెళ్ళిపోయిన ఆడబిడ్డ విడిచిన పరికిణీ ఒకటి. ఇంటివారు దానిని కప్పుకుంటూ 'ఇది నానీమా చీర' అని వేలితో చూపగలరు. అంటే బొంతకు పేర్లు లేకపోలేదు, ఇంటివారి నోటిలో ఉన్నవి. ఆ నోళ్ళు మూతపడినప్పుడు పోతవి. అంతకు మించి వాటిని దాచిన పుస్తకం లేదు.

ఇది ఒక్క మన ప్రాంతపు విద్య కాదు. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన తరువాత దేశం నలుమూలల నుండి పనివారు వచ్చి ఉక్కునగరంలో స్థిరపడినారు. వంగదేశపు ఇల్లాలు దీనిని 'కాంథా' అంటుంది, బీహారు ఇల్లాలు 'సుజనీ' అంటుంది, మహారాష్ట్రులు 'గోధడీ', ఉత్తర కర్ణాటకంవారు 'కౌదీ', మన ఉర్దూవారు 'గుదడీ' అంటారు. పేదయింట పుట్టిన ప్రతిభావంతుని 'గుదడీ కా లాల్' అని పొగడడంలో బొంత మీది చిన్నచూపు, మమకారం రెండూ కలిసే ఉన్నవి. ఉత్తర కన్నడ జిల్లా అడవులలో ఆఫ్రికా మూలాలు గల సిద్దీ స్త్రీలు కుట్టే బొంత పేరు 'కవంద్'. దాని మూలలలో పువ్వుల పేరిట చిన్న చిన్న మడత పేలికలు కుట్టనిదే అది ఒంటిమీద బట్టలేని మనిషివంటిదని వారి అభిప్రాయం. కుట్టేవారిలో ముస్లిములు, క్రైస్తవులు, హిందువులు ముగ్గురూ ఉన్నారు. ఇన్ని పేర్లున్న వస్తువుకు కుట్టినవారి పేరు ఒక్కటీ లేకపోవడం వింతగానే ఉన్నది.

ఇది ఈనాటి అలవాటూ కాదు. మన మచిలీపట్టణపు రేవు నుండి పదిహేడు, పదునెనిమిది శతాబ్దాలలో అద్దకపు మంచపు దుప్పట్లు ఐరోపాకు ఓడల మీద పోయినవి. 'పలంగ్‌పోష్' అనే మాటను దొరలు తమ నోటికి వీలుగా 'పాలంపోర్' చేసుకున్నారు. మన కోస్తా అద్దకాల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోను, తిరిగి 1721లోను భారతీయ అద్దకపు బట్టలను నిషేధిస్తూ చట్టాలు చేయవలసి వచ్చినది. ఒక దుప్పటి రెండు రాజ్యాలను గడగడలాడించినది. ఆ దుప్పట్లు ఈనాడు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో ఉన్నవి. దుప్పటి ఏ తీరం నుండి వచ్చినదో, ఏ శతాబ్దానిదో అక్కడివారు చెప్పగలరు. రంగు అద్దినవాడెవడో చెప్పలేరు, ఎందుకంటే అతని పేరు ఆనాడే ఎవరూ వ్రాసుకోలేదు.

బొంత ఇంటి స్త్రీల పని. దూది నింపిన పరుపు, రజాయి మాత్రం దూదేకులవారి పని. ఇక్కడ మేము కొంచెం నిలువవలసి ఉన్నది, మన కళాశాలకు ఇది దగ్గరి సంగతి గనుక. రెండేండ్లు వాడిన పరుపులో దూది గడ్డలు కడుతుంది. పూర్వం వీధిలో భుజాన పెద్ద విల్లు వేసుకొని, దాని నారిని మీటుతూ దూదేకుల మనిషి వచ్చేవాడు. ఆ మోత వినగానే పిల్లలు బయటికి పరుగెత్తేవారు. అరుగు మీద పరుపు విప్పి, గడ్డలు తీసి, విల్లు నారిని దూదిలో ముంచి కొయ్యగుండుతో కొడితే దూది మంచువలె విడిపోయేది. సాయంకాలానికి పరుపు మళ్ళీ కొత్తది. ఈనాడు ఆ పని పట్టణాలలో కరెంటు యంత్రం చేస్తున్నది. మిగిలినది నురుగు పరుపుల కంపెనీలు చేస్తున్నవి. మేము ఆ విల్లు కోసం కన్నీరు పెట్టబోము. దూదిదుమ్ము ఏండ్లతరబడి పీల్చినవారి ఊపిరితిత్తులను పట్టే జబ్బుకు వైద్యశాస్త్రంలో 'బిసినోసిస్' అనే పేరే ఉన్నది. ముక్కుకు గుడ్డ కట్టుకొని దగ్గుతూ దూదేకే ముసలివానిని చూచి 'ఆహా, ఎంత ప్రాచీనకళ' అనేవారికి ఆ విల్లును ఒక్క పూట ఇచ్చి చూడవలెను.

కాని పనితో పాటు పేరు కూడా పోవలెనా? అరబ్బీలో దూదేకేవానికి నద్దాఫ్, హల్లాజ్ అని రెండు పేర్లు. మొదటిది మన ప్రాంతానికి వచ్చేసరికి లద్దాఫ్ అయినది. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితా 'బి' వర్గంలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అనే మాటలు ఒకే వరుసలో ఉన్నవి. రెండవది క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణశిక్ష పొందిన మన్సూర్ అల్-హల్లాజ్ పేరులో నిలిచినది. ఉత్తరదేశపు దూదేకులవారు ఆయన పేరిటనే 'మన్సూరీ'లు అని చెప్పుకుంటారు. మన వైపున పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యులలో అగ్రగణ్యుడైన సిద్ధయ్య దూదేకుల బిడ్డ. ఇంతటి వంశవృక్షం గల మాటను మన విద్యార్థులు దరఖాస్తు ఫారంలో 'డి.' అనే ఒక్క పొడి అక్షరంగా కుదించడం ప్రతి సంవత్సరం చేరికల సమయంలో మేము చూస్తున్నాము. వారిని తప్పుపట్టము. ఇంటిలో తెలుగు మాట్లాడుతారు గనుక ఉర్దూ మాట్లాడే కొందరికి వారు తమవారిగా తోచరు. పేరు ముస్లిము పేరు గనుక ఇరుగుపొరుగులో కొందరికి వారు తమవారిగా తోచరు. రెండు పొరల నడుమ ఉన్న దూది వారు. పైకి కనిపించరు, వెచ్చదనం మాత్రం వారిదే.

ఉర్దూ విభాగపు పాఠకులు 'లిహాఫ్' అనగానే 1942లో ఇస్మత్ చుగ్తాయ్ వ్రాసిన కథను, దాని కోసం ఆమె లాహోరు న్యాయస్థానం మెట్లెక్కడాన్ని జ్ఞాపకం చేసుకుంటారు. మంచిదే. ఆ లిహాఫ్‌లో దూది ఎవరు నింపినారన్న ప్రశ్న ఏ విమర్శకునికీ తోచినట్లు లేదు. మేము పరిహాసానికి అన్నాము గాని, పూర్తిగా పరిహాసానికి కాదు.

ఇక మన గుమ్మం ముందు సంగతి. దువ్వాడలో 1989లో ఎగుమతుల మండలంగా ఏర్పడినదే నేడు ప్రత్యేక ఆర్థిక మండలి. ఇక్కడికి దక్షిణంగా అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ వెయ్యి ఎకరాలలో వస్త్రనగరం నెలకొల్పినది. తెల్లవారకముందే బస్సులలో వేలాది యువతులు అక్కడి కుట్టుమిషన్ల వద్దకు పోతున్నారు. మన విద్యార్థుల అక్కలు, వదినెలు వారిలో ఉన్నారు. ఒకరు చేయి కుడితే, ఒకరు కాలరు కుట్టి, మరొకరు గుండీ తొడుగుతారు. తయారైన వస్త్రం మెడలోపల ఒక చిన్న పట్టీ ఉంటుంది: దాని మీద కంపెనీ పేరు, దేశం పేరు, ఎట్లా ఉతకవలెనో సూచన. మా పరిచయస్థురాలైన ఒక యువతి నవ్వుతూ అన్నది, 'సార్, ఆ పట్టీ కుట్టేది నేనే. అందరి పేర్లూ నా చేతి మీదుగానే పోతవి.' ఆమె తల్లి కుట్టిన బొంత మీద ఏ పట్టీ లేదు. ఆమె కుట్టిన చొక్కా మీద పట్టీ ఉండీ ఆమె పేరు లేదు.

ఈ మాటలన్నీ విని, అయితే తెర మీది ఉత్సవాలు దండగ అంటున్నారా అని ఎవరైనా అడుగవచ్చు. అనడం లేదు. తెర చేయలేనిది ఒకటున్నది: ఎన్ని లక్షల రంగులు చూపినా బొంతను ముట్టుకోనివ్వలేదు. ముట్టుకోనిదే బొంత తెలియదు. కాని తెర చేయగలిగినది కూడా ఒకటున్నది, దానిని చేయించుకోవడం మనకు ఇంకా రాలేదు. అది పేర్లను నిలుపగలదు. దీనికి దూరదేశపు నిదర్శనం ఒకటి చెప్పవలసి ఉన్నది.

అమెరికాలో ఎయిడ్స్ జబ్బు విజృంభించిన రోజులలో, చనిపోయినవారి పేరు కూడా బంధువులు బయటికి చెప్పుకోలేని స్థితి ఉండెను. 1987లో సాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు కలిసి, ఒక్కొక్క మృతుని కోసం మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల గుడ్డను కుట్టి దానిపై పేరు కుట్టడం మొదలుపెట్టినారు. ఆ కొలత సమాధి కొలత. ఆ సంవత్సరం అక్టోబరు 11న వాషింగ్టన్ మైదానంలో 1,920 గుడ్డలు పరచినారు. క్రమంగా అవి 48,000 దాటి, బరువు 54 టన్నులకు చేరి, ఏ మైదానంలోనూ పట్టని స్థితి వచ్చినది. 2020లో, మనం తెర మీద చేనేత పండుగ చేసుకున్న ఆ సంవత్సరమే, ఆ మొత్తం బొంతను అంతర్జాలంలో పెట్టినారు. ఒక తల్లి తన బిడ్డ పేరు వెదకి, ఆ గుడ్డను తన ఇంటిలో కూర్చుండి చూడవచ్చు. అక్కడ బట్ట అందం కోసం తెర లేదు, పేరు కోసం ఉన్నది.

ఆ దేశంలోనే అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. బానిసల సంతతివారైన నల్లజాతి స్త్రీలు పొలంలో చినిగిన పనిదుస్తులతో అక్కడ బొంతలు కుట్టినారు. 2002లో హ్యూస్టన్, న్యూయార్కు ప్రదర్శనశాలలు వాటిని గోడలకెక్కించినవి. 2006లో తపాలాబిళ్ళలు వచ్చినవి. అంత కీర్తి వచ్చిన తరువాత, తమ బొంతల మీద వచ్చిన ఆదాయంలో తమ వాటా ఏదని 2007లో కొందరు కుట్టుస్త్రీలు న్యాయస్థానానికి వెళ్ళినారు. 2021 నుండి ఆ పల్లె స్త్రీలు అంతర్జాలపు అంగడిలో ఎవరి పేరిట వారు బొంతలు అమ్ముకుంటున్నారు. గోడకెక్కించి ఊరకున్న ప్రశంస కంటె పేరుతో కూడిన అంగడి మేలని ఆ పల్లె స్త్రీలను అడిగితే తెలుస్తుంది.

కనుక కళాశాల కార్యవర్గం వారికి మా మనవి. వచ్చే ఆగస్టు 7న గ్రంథాలయంలోని పఠనమందిరంలో ఒక దినం బొంతల ప్రదర్శన జరుపవలెను. ప్రతి విద్యార్థి తన ఇంటి నుండి ఒక బొంతో, గుదడీయో, పాత రజాయియో తేవలెను. ఇంట లేనివారు పొరుగింటిది అడిగి తేవచ్చు. ఒక్కొక్కదానికి ఒక అట్ట. అట్టమీద ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు: కుట్టినది ఎవరు, ఎవరి వద్ద నేర్చినది, ఏ యేటిది, లోపలి పొరలలో ఎవరెవరి బట్టలున్నవి, కుట్టుకు, అంచుకు, అతుకుకు ఆమె వాడే మాటలేవి. ఆ మాటల కోసమైనా ఈ పని చేయదగినది. తెలుగు శాఖలో పనిచేసేవారముగా చెప్పుచున్నాము, బొంత కుట్టే ఇల్లాలి నోటిలోని పదాలలో సగం మా చేతి నిఘంటువులలో లేవు.

ప్రతి బొంతను రెండువైపులా ఫోటో తీయించవలెను. పైవైపు అందరూ చూస్తారు. కుట్టు నిజం తిరుగువైపునే ఉన్నది. ముడి ఎక్కడ వేసినది, దారం ఎక్కడ అయిపోయినది, ఎక్కడ చేయి మారినది అక్కడ తెలుస్తుంది. ఆ ఫోటోలను అట్టలతో సహా అంతర్జాలంలో పెట్టవలెను. మన విద్యార్థుల తండ్రులు, అన్నలు ఎందరో జిద్దాలో, కువైటులో, దుబాయిలో ఉన్నారు. ఒక గదిలో ఎనిమిదిమంది కలిసి పడుకునే మనిషికి, తన తల్లి కుట్టిన బొంత, దాని కింద ఆమె పేరు ఫోనులో కనబడడం ఉత్సవం కాదని మమ్మల్ని ఎవరూ ఒప్పించలేరు.

ఒక చిక్కు ఉన్నది, దానిని దాచము. మన ఇండ్లలో అందరు స్త్రీలూ తమ పేరు నలుగురిలో వ్రాయడానికి ఇష్టపడరు. 'ఫలానావారి అమ్మ' అంటే చాలునంటారు. మగవారే ఆ మాట వారి తరఫున అనేస్తారు కూడా. కనుక విద్యార్థి తండ్రిని గాక, కుట్టిన ఆమెనే అడగవలెను. ఆమె వ్రాయమంటే వ్రాయవలెను. వద్దంటే ఆమె ఏ మాటతో తన్ను పిలువమన్నదో ఆ మాటే వ్రాయవలెను. ముఖం ఫోటో అడుగరాదు. చేతుల ఫోటో అడుగవచ్చు, ఒప్పుకుంటేనే.

దూదేకుల వృత్తి ఎరిగిన పెద్ద ఒకరిని విల్లుతో సహా పిలువవలెను. ముఖ్యఅతిథి వద్దు, జ్ఞాపిక వద్దు. శాలువా అసలే వద్దు; జీవితమంతా నూలుదూదితో గడిపిన మనిషికి మిల్లు నూలో, కృత్రిమ దారమో తెలియని శాలువా కప్పి చప్పట్లు కొట్టడం కంటె అవమానం లేదు. ఆయనకు ఒక దినపు కూలి, రాకపోకల ఖర్చు ముందుగానే చేతికి ఇచ్చి, పిల్లలు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పమనవలెను. 'డి.' అని వ్రాసుకునే మా విద్యార్థులలో ఎవరైనా ఆ దినం ఆయన పక్కన నిలబడి తన ఇంటిపేరును పూర్తిగా చెప్పదలిస్తే చెప్పనివ్వవలెను. చెప్పకపోతే బలవంతం చేయరాదు.

ఖర్చు అంటారా, అట్టలకు, సూదులకు, దారపు ఉండలకు తప్ప మరి దేనికీ లేదు. పఠనమందిరపు బల్లలు పక్కకు జరిపి చాపలు పరచితే చాలును. ఒక మూల సగం కుట్టిన బొంత ఒకటి పరచి ఉంచితే, చూడవచ్చిన తల్లులు ఊరకుండలేరు. కూర్చుంటారు, కుట్టడం మొదలుపెడతారు. అబ్బాయిలను కూడా కూర్చుండబెట్టవలెను. సూది గుచ్చుకుంటే ఏమీ కాదు.

ఒక జాగ్రత్త మాత్రం గ్రంథపాలకులకు. తెచ్చిన ప్రతి బొంతను పుస్తకంలో వ్రాసుకొని, సాయంకాలం అయిదు గంటలలోపు సంతకం తీసుకొని తిరిగి అప్పగించవలెను. మరునాటికి ఉంచుకోరాదు. కొన్ని ఇండ్లలో రాత్రికి కప్పుకోవడానికి అది తప్ప మరొకటి ఉండదు.